పేస్‌మేకర్ ఉన్న ఆడపిల్లకి పెళ్ళీ పిల్లలూ వద్దని మీరే తేల్చేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఈ మధ్య పేస్‌మేకర్ గురించి, అంటే గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకి ఛాతీలో పెట్టి తీగల ద్వారా గుండెని నడిపించే చిన్న బ్యాటరీ డబ్బా గురించి, వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు, కానీ మొదటి నుంచి చివరిదాకా అరవై దాటినవాళ్ళ గురించే. వేసిన బొమ్మ కూడా చేతికర్ర పట్టుకున్న తాతగారిది. పేస్‌మేకర్ ఎక్కువగా పెద్దవాళ్ళకే పెడతారన్నది నిజమే, కాదనను. అయితే పుట్టుకతోనే హార్ట్ బ్లాక్ (రక్తనాళం మూసుకుపోవడం కాదు, గుండె పై గది నుంచి కింది గదికి కరెంటు సరిగ్గా అందకపోవడం) ఉన్న పిల్లలు ఉంటారు, గుండెలో రంధ్రం మూసే ఆపరేషన్ తర్వాత వచ్చినవాళ్ళు ఉంటారు, కాలేజీ చదువుకునే వయసులో ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోతే ఈసీజీ తీసినప్పుడు సంగతి బయటపడినవాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఆడపిల్లలూ ఉంటారు. వాళ్ళకి పెళ్ళీడు వస్తుంది, అసలు గొడవ అప్పుడు మొదలవుతుంది.

నేను ఆ మూడో రకం. డిగ్రీ చదువుతుండగా విశాఖలోనే నాకు పేస్‌మేకర్ పెట్టారు, అప్పటికి నా నాడి నిమిషానికి నలభై కూడా లేదు. ఇప్పుడు నా కూతురు ఆరో తరగతి. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్పించుకున్నాను. గాజువాకలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను, రోజంతా నిలబడే ఉంటాను, సిటీ బస్సులో వెళ్ళి వస్తాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఉత్తరం ఎవరో పుస్తకం చదివి రాసింది కాదని మీకు తెలియాలి.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి ఒకతె, చోడవరం వైపు, చిన్నప్పుడే పేస్‌మేకర్ పెట్టించుకుంది. పెళ్ళయింది, నెల తప్పింది. దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళితే, ఛాతీ మీద మచ్చ చూసి, గుండె స్కానింగ్ అడగకుండా, పాత కాగితాలు తిరగేయకుండా, ఇది రిస్కు, తీయించేసుకోండి, తల్లి ప్రాణం ముఖ్యం కదా అన్నారట. ఇంట్లో అందరూ సరే అనేశారు. పిల్ల ఏడుస్తుంటే వాళ్ళ చిన్నత్త నాకు ఫోన్ చేసింది. విశాఖ తీసుకొచ్చి గుండె డాక్టరుకి చూపిస్తే ఆయన ఎకో, అంటే గుండె స్కానింగ్ తీయించి, మెషిన్ చూసి, గుండె చక్కగా పనిచేస్తోంది, తీయించుకోవడం ఎందుకు అని ఎదురడిగాడు. ఆ అమ్మాయికి నిరుడు బాబు పుట్టాడు. ఆ ఫోన్ రాకపోయి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలడం లేదు. మన జిల్లాల్లో అలాంటి ఫోన్ చేయడానికి ఎవరూ లేని అమ్మాయిలు ఎంతమందో.

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. గుండె కూడా మామూలు కంటే నిమిషానికి ఓ 10, 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. మరి మెషిన్ ఆ వేగం అందుకుంటుందా అని అందరికీ అనుమానం. కుర్ర వయసువాళ్ళకి ఎక్కువగా పెట్టే రెండు తీగల పేస్‌మేకర్ అయితే, గుండె పై గది ఎంత వేగంగా కొట్టుకుంటోందో కనిపెట్టుకుంటూ కింది గదిని కూడా అదే వేగంతో నడిపిస్తుంది. కాబట్టి ఒంటికి ఎంత కావాలో అంత అదే సర్దుకుంటుంది. ఒక్క తీగదైతే కదలికను బట్టి వేగం పెంచే సెన్సర్ ఉంటుంది, సరిపోవడం లేదనిపిస్తే డాక్టర్లు కంప్యూటర్ మీద కనీస వేగాన్ని కొంచెం పెంచుతారు. దానికి కోత లేదు, సూది లేదు. మెడ కింద ఒక చిన్న పరికరం ఆనించి పెడతారు, పక్కనే లాప్‌టాప్ లాంటి దాని మీద గీతలు వస్తుంటాయి, పరీక్ష చేసేటప్పుడు ఒక్క నిమిషం గుండె దడదడలాడినట్టు ఉంటుంది, ఆ తర్వాత మామూలే. నాకు ఏడో నెలలో అలా చూస్తుంటే లోపల పాప తన్నింది. చూస్తున్న టెక్నీషియన్ కుర్రాడు కంగారుపడి మెషిన్ తీసేశాడు, నాకేమో నవ్వాగలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే నా ఉత్తరం చదివి ఎవరైనా తప్పు దారి పట్టే ప్రమాదం ఉంది. పేస్‌మేకర్ ఉన్నంత మాత్రాన గర్భం ప్రమాదం కాదు. అది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో, ఆ జబ్బును బట్టి ఉంటుంది ప్రమాదం. గుండె కండ, వాల్వులు బాగుండి, కరెంటు దారి ఒక్కటే చెడిపోయినవాళ్ళ సంగతి వేరు. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి వాల్వు పాడై, మెటల్ వాల్వు వేయించుకున్నవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. మన ఉత్తరాంధ్రలో ఈ జబ్బు ఇంకా కనిపిస్తూనే ఉంది. వాల్వు ఉన్నవాళ్ళు రక్తం పలచబడడానికి వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి మాత్రలు వేసుకుంటారు. అవి మొదటి మూడు నెలల్లో బిడ్డకి హాని చేసే వీలుంది. అలాగని నెల తప్పిందని తెలియగానే సొంతంగా మానేస్తే వాల్వు మీద రక్తం గడ్డకట్టి తల్లి ప్రాణం మీదికే వస్తుంది. అందుకే వాళ్ళు నెల తప్పకముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. పేస్‌మేకర్ బదులు షాక్ ఇచ్చే ఐసీడీ పెట్టించుకున్నవాళ్ళు కూడా అంతే, వాళ్ళ మూల జబ్బుల్లో కొన్ని పిల్లలకి వచ్చేవి ఉంటాయి, వాళ్ళ లెక్క వేరుగా చూసుకోవాలి. వీళ్ళందరినీ ఒకే గాటన కట్టేసి వద్దు అనడం ఎంత తప్పో, అందరికీ ఏం కాదులే అనడం కూడా అంతే తప్పు.

నాలాంటివాళ్ళు కూడా ముందు చూపించుకోవాల్సినవి ఉన్నాయి. ఒకటి ఎకో. ఎందుకంటే ఏళ్ళ తరబడి కింది కుడి గది నుంచే కరెంటు అందుతుంటే కొందరిలో గుండె పంపింగ్ నెమ్మదిగా తగ్గుతుంది, బయటికి ఏమీ తెలియదు. అలా తగ్గిందని ముందే తెలిస్తే మందులున్నాయి, తీగ వేరే చోట పెట్టే పద్ధతులున్నాయి. కడుపుతో ఉన్నప్పుడు బయటపడితే మాత్రం వాడగలిగే మందులు తగ్గిపోతాయి, గుండె నీరసానికి మామూలుగా ఇచ్చే కొన్ని మాత్రలు అప్పుడు ఇవ్వకూడదు. రెండోది బ్యాటరీ. మామూలుగా 8 నుంచి 12 ఏళ్ళు వస్తుంది. ఇంకో ఏడాదిలో మార్చాలి అని ఉంటే, మార్పించుకున్నాకే పిల్లల ఆలోచన పెట్టుకోమని నాకు చెప్పారు. నాకు అది చాలా మంచి సలహా అనిపించింది. పాపని ఎత్తుకుని తిరుగుతూ, పాలిస్తూ, ఆ కుట్ల నొప్పి పడడం ఊహించుకోండి. మార్చేటప్పుడు తీగలు బాగుంటే వాటిని కదపరు, డబ్బా మాత్రమే మారుస్తారు, మొదటిసారి అంత ఉండదు.

నా బిడ్డకి కూడా వస్తుందా అన్నది ప్రతి అమ్మాయీ అడిగే ప్రశ్న. పుట్టుకతో వచ్చే హార్ట్ బ్లాక్‌లో చాలావరకు కారణం తల్లి రక్తంలో ఉండే యాంటీ రో, యాంటీ లా అనే యాంటీబాడీలు. లూపస్, జోగ్రెన్ లాంటి జబ్బులున్నవాళ్ళలో ఇవి ఉంటాయి, ఏ జబ్బూ బయటపడని ఆడవాళ్ళలో కూడా ఉండొచ్చు. ఇవి మాయ దాటి బిడ్డ గుండెలోని కరెంటు దారిని దెబ్బతీస్తాయి, ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్య. అవి ఉన్నా చాలామంది తల్లులకి మామూలు పిల్లలే పుడతారు, మొదటి బిడ్డకి వచ్చే అవకాశం నూటికి రెండు. ఒక బిడ్డకి వచ్చి ఉంటే మాత్రం తర్వాతి కాన్పులో అది చాలా ఎక్కువవుతుంది, అప్పుడు హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర ముందునుంచే వాడతారు. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, పుట్టుకతో హార్ట్ బ్లాక్ ఉన్న అమ్మాయికి అది తన తల్లి యాంటీబాడీల వల్ల వచ్చి ఉండొచ్చు, ఆమె రక్తంలో అవి లేకపోతే ఆ దారిలో ఆమె బిడ్డకి వచ్చేది లేదు. ఒక రక్తపరీక్షతో తేలే విషయం ఇది. దీన్ని తెలుసుకోకుండా, మీ పిల్లకి వంశంలోనే ఉంది అంటూ సంబంధాలు వెనక్కి తిప్పేస్తున్నారు. పైగా ఇవేవీ ఏ తల్లి తప్పూ కాదు, ఆ మాట కూడా ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మా అమ్మ ఇప్పటికీ నేను కడుపులో ఉండగా గ్రహణం నాడు ఏదో కోశానని బాధపడుతుంది.

మన దగ్గర మొదటి కాన్పుకి పుట్టింటికి తీసుకెళ్ళే ఆచారం ఉంది కదా, పేస్‌మేకర్ ఉన్న అమ్మాయి విషయంలో దాని గురించి ఒక్కసారి ఆగి ఆలోచించాలి. అమ్మాయి విశాఖలో ఉంటుంది, గుండె డాక్టర్ ఇక్కడే, మెషిన్ చెక్ చేసేది ఇక్కడే. సీమంతం అవగానే ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో నర్సీపట్నమో పాలకొండో పుట్టింటికి పంపిస్తారు. గాజులు, చీరలు, స్వీట్లు అన్నీ సర్దుతారు, ఫైలు మాత్రం అత్తారింట్లో బీరువాలో ఉండిపోతుంది. అర్ధరాత్రి నొప్పులొస్తే అక్కడి డ్యూటీ డాక్టరుకి ఈ మెషిన్ ఏ కంపెనీదో, ఎన్నాళ్ళ క్రితందో, ఈ అమ్మాయి గుండె సొంతంగా ఎంత కొట్టుకుంటుందో ఏమీ తెలియదు. ఆయన భయపడడంలో తప్పేముంది? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే జరిగింది. చివరికి మా అమ్మే సామాన్లు సర్దుకుని ఇక్కడికి వచ్చి ఉంది. అల్లుడి ఇంట్లో పురుడు పోయడమేంటని మా మేనత్త ముక్కు విరిచింది, విరవనీ అనుకున్నాం. పుట్టింట్లోనే జరగాలనుకుంటే మాత్రం, ఆ ఊళ్ళో ఏ ఆస్పత్రికి వెళ్ళాలో అయిదో నెలకల్లా తేల్చుకుని, అక్కడి డాక్టరుని ఒకసారి మామూలుగా వెళ్ళి కలిసి, కాగితాలన్నీ చూపించి రావాలి.

అన్నీ తేల్చుకున్నా మాకు తిప్పలు తప్పలేదు. అనుకున్న తేదీకి ముందే ఉమ్మనీరు పోయింది, మా డాక్టరమ్మ ఊళ్ళో లేరు. దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళితే రిసెప్షన్‌లోనే పేస్‌మేకర్ అనగానే మా దగ్గర కుదరదు అన్నారు. కనీసం నాడి పట్టుకుని చూడలేదు. ఇంకోచోట, ఇప్పుడే సిజేరియన్‌కి ఒప్పుకుంటే చేర్చుకుంటాం అన్నారు, ఎందుకని మావారు అడిగితే నొప్పులు పడితే తీగ ఊడిపోతుందని చెప్పారు. తీగ చివర పెట్టిన కొన్ని వారాలకే గుండె కండలో కుదురుకుపోతుంది, నాకు పెట్టి అప్పటికి ఏళ్ళు గడిచాయి. నొప్పులు పడడం వల్ల, ముక్కడం వల్ల తీగ ఊడదు. పేస్‌మేకర్ ఒక్కటే కారణంగా సిజేరియన్ అక్కర్లేదు, బిడ్డ అడ్డం తిరగడమో, నాడి తగ్గడమో లాంటి మామూలు కారణాలుంటేనే చేస్తారు, అందరు ఆడవాళ్ళకీ చేసినట్టే. చివరికి తెల్లవారుజామున ఒక ఆస్పత్రిలో చేర్చుకున్నారు, మధ్యాహ్నానికి నార్మల్ డెలివరీ అయింది. ఆ ఆస్పత్రుల పేర్లు రాయను, గొడవ పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ రాత్రి ఆటోలో టవల్ నొక్కిపెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు నా గుండె గురించి భయం వేయలేదు, ఎవరూ తలుపు తీయరేమో అని భయం వేసింది.

ఆపరేషన్ చేయాల్సి వచ్చినా భయపడాల్సింది లేదు, తెలిసి చేయాలంతే. రక్తం ఆగడానికి వాడే కాటరీ అనే కరెంటు పరికరం పేస్‌మేకర్‌ని తికమక పెట్టగలదు. గుండె తానే కొట్టుకుంటోందని పొరపడి మెషిన్ ఆ కాసేపు ఆగొచ్చు. అందుకని రెండు మొనల మధ్యే కరెంటు పారే బైపోలార్ రకం వాడతారు, లేదంటే కరెంటు వెనక్కి పోయే ప్యాడ్‌ని తొడ మీద అంటించి, కాటరీని కొద్ది కొద్దిగా వాడతారు. అవసరమైతే ముందే మెషిన్ సెట్టింగ్ మారుస్తారు, లేదా అయస్కాంతం పెడితే అది బయటి సంకేతాలు పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టిస్తుంది, తీసేస్తే మళ్ళీ మామూలవుతుంది. వెన్నుకి మత్తు ఇవ్వడానికి పేస్‌మేకర్ అడ్డం కాదు. కడుపు స్కానింగ్‌కి, బిడ్డ గుండె చప్పుడు చూసే బెల్టుకి కూడా ఏ ఇబ్బందీ లేదు. ఇవన్నీ మత్తు డాక్టర్లకి బాగా తెలిసిన సంగతులే, కానీ వాళ్ళదాకా విషయం ముందుగా చేరాలి కదా. కాన్పు గదిలోకి వెళ్ళాక చెబితే ఎవరికైనా టెన్షనే. కాన్పయ్యాక మొదటి ఒకటి రెండు రోజులు గుండె మీద భారం ఎక్కువగా ఉంటుంది, అప్పుడు మానిటర్ పెట్టి చూడమని అడగడంలో మొహమాటం వద్దు. తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకునేవాళ్ళు క్యాంపుల్లో లైన్లో నిలబడి ఈ విషయం దాచకండి, అక్కడా కాటరీ వాడొచ్చు. కాపర్ టీ వేయించుకోవడానికి మాత్రం పేస్‌మేకర్ అడ్డం కాదు.

పాలివ్వొచ్చు. దీని గురించి నన్ను అడగని ఆడమనిషి లేదు, పాలల్లోకి కరెంటు వస్తుందా అని కూడా అడిగారు, రాదు. ఇబ్బంది ఒక్కటే, పాలొచ్చి రొమ్ము బరువెక్కినప్పుడు డబ్బా ఉన్నచోట చర్మం లాగినట్టు ఉంటుంది, పాప తల సరిగ్గా దాని మీదే ఆనుతుంది, కాస్త పెద్దయ్యాక మడమతో అక్కడే తన్నుతుంది. ఎడమవైపు ఇచ్చేటప్పుడు పాప కాళ్ళు నా చంక కిందుగా వెనక్కి ఉండేలా పట్టుకోవడం మా వార్డులో ఒక నర్సమ్మ నేర్పింది, మెత్తటి పాత చీర మడత ఒకటి మధ్యలో పెట్టేదాన్ని. ఆ చోట ఎర్రబడినా, వాచినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా మాత్రం వేపాకు పసుపు పూయకుండా వెంటనే చూపించుకోవాలి, ఇన్‌ఫెక్షన్ తీగ వెంట లోపలికి పాకితే చాలా కష్టం. అలాగే కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం, కాస్త కళ్ళు తిరగడం అందరికీ ఉండేదే అంటారు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు పడిపోయేంతగా కళ్ళు తిరిగితే దాన్ని మామూలనుకోకూడదు.

రోజువారీ బతుకు గురించి మీ వ్యాసంలో సెల్‌ఫోన్ చొక్కా జేబులో పెట్టుకోవద్దని రాశారు. ఆడవాళ్ళకి చొక్కా జేబు ఎక్కడిది? మా గొడవలు వేరే ఉంటాయి. ఫోన్‌ని జాకెట్లో దోపుకునే అలవాటు చాలామందికి ఉంది, అది మానాలి, 15 సెంటీమీటర్ల దూరం ఉంటే చాలు, కుడి చెవి దగ్గర పెట్టుకుని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. కొత్త ఐఫోన్ల వెనక అయస్కాంతాలుంటాయి, తీగ లేకుండా ఛార్జ్ చేస్తున్నప్పుడైతే 30 సెంటీమీటర్లు దూరం పెట్టమని ఆ కంపెనీయే చెబుతోంది. మెడలో వేసుకునే బ్లూటూత్ నెక్‌బ్యాండ్లు అంతకంటే తంటా. వాటి చివర్లకి అయస్కాంతం ఉంటుంది, అవి రెండూ కలిసి సరిగ్గా కాలర్ బోన్ దగ్గరే వేలాడతాయి. షాపుల్లో, ఆఫీసుల్లో అమ్మాయిలు ఎడమవైపు పెట్టుకునే అయస్కాంతం నేమ్‌ప్లేట్లు కూడా అంతే, పిన్నుది అడిగి తీసుకోవాలి. ఇండక్షన్ స్టవ్‌కి రెండడుగుల దూరం ఉంటే మంచిది, మిక్సీ, గ్రైండర్, వాషింగ్ మెషిన్ మామూలుగా వాడుకోవచ్చు. ఎయిర్‌పోర్టులోనో గుడి క్యూలోనో మెటల్ డిటెక్టర్ గేటు దాటిపోవచ్చు, దాని కిందే నిలబడిపోకూడదు, చేతి డిటెక్టర్‌ని ఛాతీ మీద ఆనించి పెట్టొద్దని చెప్పి కార్డు చూపించాలి. స్టీల్ ప్లాంటులోనో షిప్‌యార్డులోనో పనిచేసే అమ్మాయిలు వెల్డింగ్ దగ్గరికి, పెద్ద మోటార్ల దగ్గరికి వెళ్ళేముందు డాక్టరునీ సేఫ్టీవాళ్ళనీ అడగాలి.

ఇక చీర. పైట వేసుకునేది ఎడమ భుజం మీదే, డబ్బా ఉండేదీ చాలామందికి అక్కడే. పట్టుచీర జరీ అంచు మచ్చ మీద రాసుకుంటుంది, పిన్ను పెట్టేటప్పుడు వేరేవాళ్ళు పెడితే వాళ్ళకి తెలియక గుచ్చుతారు. నా పెళ్ళిలో మేకప్ అమ్మాయికి ముందే చెప్పి, పిన్ను భుజం వెనక్కి పెట్టించుకున్నాను. లోదుస్తుల పట్టీ వెడల్పుగా మెత్తగా ఉండేది కొనుక్కోవాలి, హ్యాండ్‌బ్యాగు కుడి భుజానికి మార్చుకోవాలి. మచ్చ కనబడుతుందని మెడదాకా మూసిన జాకెట్లే కుట్టించుకునే అమ్మాయిలున్నారు. కొత్తగా పెట్టించుకోబోయే ఆడపిల్లలున్న తల్లిదండ్రులకి ఒక మాట, కోత ఎక్కడ పెట్టొచ్చు, కాస్త పక్కకి గానీ, కండ కిందికి గానీ, రొమ్ము కిందుగా గానీ వీలవుతుందా అని డాక్టరుని ముందే అడగండి. అందరికీ కుదరకపోవచ్చు, కానీ ప్రాణం దక్కితే చాలు మచ్చ ఏమిటి అని అమ్మాయి నోరు నొక్కేయకండి, ఆ మచ్చతో అరవై ఏళ్ళు బతకాల్సింది ఆమె.

మరీ అన్నీ మానిపించి కూర్చోబెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. పెట్టిన మొదటి ఆరు వారాలు ఆ చెయ్యి భుజం పైకి ఎత్తొద్దంటారు, అంతవరకే. జీవితాంతం ఎత్తకపోతే భుజం బిగుసుకుపోతుంది. గుండె బాగున్న అమ్మాయి మెట్లెక్కొచ్చు, స్కూటీ నడపొచ్చు, డాన్స్ చేయొచ్చు, బరువైన దెబ్బలు తగిలే ఆటలు తప్ప ఆడుకోవచ్చు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢంలో వానలో తడుస్తూ హనుమంతవాక మీదుగా మా తోటికోడలితో కలిసి నడిచాను, అప్పన్న దయవల్ల ఆవిడకే కాళ్ళు పట్టేశాయి, నాకేం కాలేదు.

పెళ్ళి సంగతికి వస్తే, నాకు సంబంధాలు చూసేటప్పుడు మా బంధువుల్లోనే ఒకావిడ, బ్యాటరీ మీద నడిచే పిల్లని ఎవరు చేసుకుంటారు అంది, నేను పక్క గదిలోనే ఉన్నాను. దాచి పెళ్ళి చేసేద్దామని ఇంకొకాయన సలహా ఇచ్చాడు. దాచొద్దు. దాస్తే ఆ అమ్మాయి చెకప్‌లకి వెళ్ళలేదు, కార్డు దగ్గర పెట్టుకోలేదు, రేపు కడుపుతో ఉన్నప్పుడు డాక్టరుకి నిజం చెప్పలేదు. దాచడంలో అసలు ప్రమాదం అది. మావారికి మా నాన్న మొదటి రోజే చెప్పారు, ఆయన ఇంటికి వెళ్ళి నాలుగు రోజుల తర్వాత నా కార్డియాలజిస్టుని కలవొచ్చా అని ఫోన్ చేశారు. ఆ డాక్టరుగారి గదిలో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని అడిగిన ప్రశ్నలే మా పెళ్ళిచూపులు. ప్రపంచంలో మొట్టమొదటగా మనిషి ఒంట్లో పెట్టిన పేస్‌మేకర్ వెనక కూడా ఒక భార్య పట్టుదల ఉంది. 1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లో ఆర్నే లార్సన్ అనే 43 ఏళ్ళ మనిషికి పెట్టారు. ఆయన రోజుకి పదులసార్లు స్పృహ తప్పి పడిపోతుంటే, ఆయన భార్య ఎల్సే-మరీ డాక్టర్ల వెంటపడి, ఇంకా మనుషులకి పెట్టలేదన్నా వినకుండా, చేయించి తీరింది. బూట్ పాలిష్ డబ్బాలో పోతపోసిన మెషిన్ అది, కొన్ని గంటలే పనిచేసింది. ఆ తర్వాత మార్చుకుంటూ మార్చుకుంటూ ఆయన 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. మన ఇళ్ళలో భర్తలు, అత్తమామలు దీన్ని ఎలా తీసుకుంటారన్న దాని మీదే ఆడపిల్ల బతుకు సగం ఆధారపడుతోంది.

అందుకని నేను అడిగేది ఇదండీ. పేస్‌మేకర్ ఉన్న అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు గుండె డాక్టరూ, కాన్పు డాక్టరూ, మత్తు డాక్టరూ కలిసి ఒక పేజీ రాసి ఇవ్వాలి. ఏ జబ్బుకి పెట్టారు, మెషిన్ కంపెనీ, మోడల్, చివరిసారి ఎప్పుడు చెక్ చేశారు, బ్యాటరీ ఎంత ఉంది, మెషిన్ ఆగితే గుండె సొంతంగా కొట్టుకుంటుందా లేదా, ముక్కనివ్వొచ్చా, కాటరీ ఎలా వాడాలి, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి. ఏడో నెలకల్లా ఆ కాగితం ఆమె చేతిలో ఉండాలి, ఒక కాపీ తెలుగులో ఉండాలి, ఎందుకంటే ఆటోలో పక్కన కూర్చునేది అమ్మో అత్తో. ఏఎన్ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు తల్లీబిడ్డల కార్డు మీద ఈ విషయం రాయాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకి జరిపే పరీక్షల రోజున ఇలాంటివాళ్ళని డాక్టరుకి చూపించి, కేజీహెచ్ లాంటి పెద్దాస్పత్రికి ముందుగానే పంపాలి. హైరిస్క్ అని కార్డు మీద ముద్ర వేసేది ఎక్కువ శ్రద్ధ పెట్టడానికి, గేటు దగ్గర నుంచి పంపేయడానికి కాదు కదా. నొప్పులతో వచ్చిన మనిషిని కనీసం చూసి, బీపీ, నాడి రాసి, అవతలి ఆస్పత్రికి ఫోన్ చేసి, 108లో పంపించమంటున్నాను.

మీ పత్రికకి నా విన్నపం, ఈసారి ఒక కార్డియాలజిస్టుతో పాటు ఒక గైనకాలజిస్టునీ, ఒక మత్తు డాక్టరునీ కూర్చోబెట్టి పాఠకుల ప్రశ్నలకి జవాబులు చెప్పించండి. పేరు లేకుండా ప్రశ్న పంపే వీలు ఇవ్వండి, పెళ్ళికాని అమ్మాయిలు పేరుతో అడగలేరు. మొదటి ప్రశ్న నాదే రాసుకోండి: రెండో బ్యాటరీ మార్చేటప్పుడు పాత తీగలకి ఎన్నేళ్ళు నిండితే వాటిని మార్చాలా వద్దా అని ఆలోచిస్తారు, అప్పటికి నాకు నలభై దాటుతాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం